నూట ఇరవై గంటలు

సెమిస్టరుకి నలభై. మూడు సెమిస్టర్లకి నూట ఇరవై.
సేవ అంటే మా కాలేజీలో
నీలం అట్ట వేసిన ఒక పుస్తకం.
తేదీ, చేసిన పని, గంటలు,
చివరి గడిలో ఊరివాళ్ళెవరైనా పెట్టాల్సిన సంతకం.
అది లేకపోతే డిగ్రీ లేదని
ఫిలేమోను మాస్టారు చాపెల్ మెట్ల మీద నిలబడి
ఒకసారి ఒడియాలో చెప్పారు, ఒకసారి తెలుగులో,
ఇక తప్పించుకోలేరన్నట్టు మూడోసారి ఇంగ్లీషులో.

పర్లాకిమిడి నుంచి సెరంగో దాకా బస్సు.
ఆ పైన నడక.
సునేమి నెత్తిన సున్నం బస్తా,
ప్రభుదాన్ భుజాన గునపాలు,
నా చంకలో ఫారాల కట్ట.
కాశీనగర్‌లో బట్టలకొట్టు వాళ్ళబ్బాయిని,
నాకు గునపం ఎవరిస్తారు?

మూడు రోజులు ఊటకాలవ పూడిక తీశారు.
నాలుగో రోజు కొండ మీద వాన.
తీసిందంతా మళ్ళీ పూడింది.
పుస్తకంలో గంటలు మాత్రం చెక్కుచెదరలేదు.

అయిదో రోజు రొయిబారి రయిత వచ్చి
నా ముందు గొంతుక్కూర్చుంది.
సవర రాని నాతో, ఒడియా రాని ఆమె
ఇటుకబట్టీ తెలుగులో అంది:
"ఏటి బాబూ, నాను సచ్చిపోనానంట కదా?
బియ్యం మిషను సెప్పింది."

మర్నాడు ఆమెతో దిగువకి, డిపోకి.
కుడి బొటనవేలు. ఎర్ర దీపం.
ఎడమది. ఎర్ర దీపం.
చింతపండుతో తోమాం. కొబ్బరినూనె రాశాం.
సునేమి తన చున్నీతో తుడిచి, నోటితో ఊది,
చంటిదాని వేలు పట్టుకున్నట్టు
ఒక్కొక్కటే పెట్టింది.
పది వేళ్ళకీ పది ఎర్ర దీపాలు.
మీ క్రిస్మస్ చెట్టులా ఉందే అని డీలరు నవ్వాడు.
ఆమె కూడా నవ్వింది, మర్యాదకి.

ఆ చెయ్యి తిప్పి చూశాను.
బొబ్బిలి అవతల బట్టీల్లో ఇరవై రెండు ఎండాకాలాలు
అచ్చులోంచి పచ్చి ఇటుక దులిపి,
ఆరినదాన్ని పక్కకి ఒత్తిగిల్లించి,
కాలినదాన్ని వేడి మీదే ఎత్తి,
ఆమె గీతలన్నీ ఎవరెవరి గోడల్లోకో వెళ్ళిపోయాయి.
మా కొట్టు గోడ కూడా బొబ్బిలి ఇటుకే.

అర్జీలు రాశాను. తహసీలుకి ఒకటి, బ్లాకుకి ఒకటి,
కంటిపాప చూసే మిషను గుణుపూర్‌లో ఉందన్న వాడికొకటి,
లేదన్న వాడికి ఇంకొకటి.
రాసి రాసి నా వేలికి చిన్న కాయ కాస్తే
తడిమి చూసి "బాగుంది" అంది.

"ఆ పుస్తకంలో ఏటి రాస్తన్నావు?"
"గంటలు."
"ఎవులు కొట్టినారు?"
సరిగ్గా అప్పుడే గుడి పంచన వేలాడే రైలుపట్టా ముక్క
ఖంగున మోగింది, సాయంత్రం ప్రార్థనకి.
అదీ గంట అన్నట్టు నా వైపు చూసి లేచి వెళ్ళింది.

చివరి రోజు, చివరి గడి.
బడి పంతులు సెలవు. వార్డు మెంబరు కేరళలో.
సంతకానికి ఆమే వచ్చింది, కడుక్కున్న చేతులతో.
పదహారు పుస్తకాలు వరసగా పరిచాం.
సిరాలో అద్ది నొక్కింది. తీసింది.
నేరేడు పండు నలిగిన మరక,
లోపల ఒక్క గీత లేదు.
అలాంటివి పదహారు.
ప్రభుదాన్ ఏదో అనబోయి గునపాలు లెక్కపెట్టుకున్నాడు.

మాస్టారు ఒక్కో పేజీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు.
ఎవరిదని అడగలేదు.
పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టి, తేదీ వేశారు.
అందరం పాసయ్యాం.

అర్జీ నంబరు నా ఫోన్లో ఉంది.
సోమవారం సోమవారం చేస్తాను.
పెండింగులో ఉంది అంటుంది ఒక ఆడగొంతు,
ఒడియాలో, ఎంతో మర్యాదగా.
మళ్ళీ మొదటి నంబరు నొక్కమంటుంది. నొక్కుతాను.
కొన్నిసార్లు కొట్టు కట్టేసే వేళ దాకా.

ఈ గంటలు ఎందులోనూ రాయడం లేదు.